యాభై గ్రాముల కూరగాయలు, అర సెంటు మడి

మధ్యాహ్న భోజనం లెక్క ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లలు ఒక్కొక్కరికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిది దాకా అయితే కూరగాయలు 75 గ్రాములు. బియ్యం గోదాము నుంచి దిగుతాయి. పప్పూ నూనే నిల్వ ఉంటాయి. ఏ రోజు ధరకు ఆ రోజు తల వంచాల్సింది కూరగాయల దగ్గరే. 2025 మే నుంచి ప్రాథమిక స్థాయిలో పూటకు ఒక్కొక్కరికి లెక్కగట్టిన 6 రూపాయల 78 పైసల్లోనే పప్పు, కూర, నూనె, పోపు సామాను, గ్యాసు అన్నీ సర్దుకోవాలి. 2023 జులైలోలాగా టమాటా కిలో 150 దాటితే చారు పలచబడక ఏమవుతుంది?

మరి ఆ కూరేదో బడి ఆవరణలోనే పండిస్తే? 2019 అక్టోబరులో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ పాఠశాల పోషకాహార తోటలకు మార్గదర్శకాలు ఇచ్చింది. స్థలం లేని పట్నం బళ్ళు డాబా మీదో, కుండీల్లోనో, పాత డబ్బాల్లోనో పెంచుకోవచ్చంది. ఇలాంటి తోటల మీద అమెరికాలో ముప్పై ఏళ్ళుగా పెద్ద చర్చే నడుస్తోంది. నేపాల్ నుంచి బుర్కినా ఫాసో దాకా పరిశోధకులు కొలిచి చూశారు. అయినా చర్చ తెగలేదు. నిజానికి ముడి మీద ముడి పడింది. ‘బడి తోట’ అనే ఒక్క మాట మూడు వేరువేరు హామీలు మోస్తూ ఉండడమే ఇందుకు కారణం. పేద పిల్లల కంచంలోకి తాజా కూర వస్తుందన్నది ఒకటి. కూరగాయలంటే ముఖం తిప్పుకునే పిల్లలకు తినే అలవాటు అవుతుందన్నది రెండోది. చదువు మట్టిలో దిగి బలపడుతుందన్నది మూడోది. మెచ్చేవాళ్ళు మూడోదాన్ని చూపించి మొదటిది నెగ్గిందంటారు. విమర్శకులు మొదటిదాన్ని కొట్టేసి మూడూ ఓడాయంటారు.

పాత తోటే, కొత్త కారణాలు

బడిలో తోట కొత్త ఊహేమీ కాదు. పల్లె బళ్ళకు తోట ఉండాలని 1869లోనే ఆస్ట్రియా చట్టం చేసింది. అమెరికాలో 1891లో బోస్టన్‌లోని రాక్స్‌బరీ ప్రాంతపు జార్జ్ పట్నం స్కూల్లో హెన్రీ లింకన్ క్లాప్ ఒక తోట వేయించాడు. 1902లో న్యూయార్క్‌లో పేదలు కిక్కిరిసి బతికే పేటలో, డివిట్ క్లింటన్ పార్కులో, ఫానీ గ్రిస్కమ్ పార్సన్స్ పిల్లలకు తలా ఒక చిన్న మడి పంచి పెట్టింది. ఆమె ఆశించింది ముల్లంగి మాత్రమే కాదు, క్రమశిక్షణ, ఓపిక, పౌరధర్మం. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే అదే తోట ‘స్కూల్ గార్డెన్ ఆర్మీ’ అయింది. దానికి యుద్ధ నిధుల నుంచి డబ్బు వచ్చింది, యుద్ధం ముగియగానే డబ్బూ పోయింది, తోటలూ ఎండిపోయాయి.

ఇప్పటి చర్చకు మూలం 1995. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ మిడిల్ స్కూల్ పక్కన తారు పోసి వదిలేసిన ఎకరం నేలను హోటల్ నడిపే ఆలిస్ వాటర్స్ తోటగా మార్పించి, పక్కనే పిల్లలకు వంటగది పెట్టించింది. అదే ‘ఎడిబుల్ స్కూల్‌యార్డ్’. అదే ఏడాది ఆ రాష్ట్ర విద్యాశాఖ అధిపతి డిలేన్ ఈస్టిన్ ప్రతి బడికీ తోట అని పిలుపునిచ్చింది. 2010లో వాషింగ్టన్ డీసీ నగరం ‘హెల్దీ స్కూల్స్’ చట్టంలోనే బడి తోటలకు చోటిచ్చింది.

మన దగ్గర కథ వేరే దారిలో నడిచింది. 1937లో వార్ధాలో గాంధీ ముందుకు తెచ్చిన నయీ తాలీంలో చేతిపనే చదువుకు ఇరుసు. 1960ల్లో యూనిసెఫ్ తోడ్పాటుతో ఒడిశాలో మొదలై 1973 నాటికి అన్ని రాష్ట్రాలకూ పాకిన అనువర్తిత పోషణ కార్యక్రమంలో కోళ్ళూ చేపలతో పాటు బడి తోటలూ ఉన్నాయి. పర్యవేక్షణ లేక, ప్రజలకు దాని ఊసు పట్టక అది నీరుగారింది. 2019 మార్గదర్శకాలను సరికొత్త ఆలోచనగా చదివేవాళ్ళు ఈ అధ్యాయాన్ని దాటేసి పోతుంటారు.

ప్రతి తరమూ తోటకు తన కాలపు భయాన్నే అంటగట్టింది. బర్క్‌లీ నాటికి ఆ భయం ఊబకాయం. అందుకే అమెరికా అధ్యయనాలు నడుము చుట్టుకొలత తగ్గిందా లేదా అని చూస్తాయి. మన బెంగ రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన అయిదేళ్ళ లోపు పిల్లల్లో అది ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. 15-19 ఏళ్ళ అమ్మాయిల్లో పదిమందికి ఆరుగురు. అక్కడి ఫలితాన్ని ఇక్కడ అతికించే ముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

అనుకూలురు, అనుమానించేవాళ్ళు

అందుబాటు వాదులు చెప్పేది సూటిగానే ఉంటుంది. పేద పేటల్లో తాజా కూరగాయల దుకాణాలే లేవు, చిప్స్ పొట్లాలు మాత్రం మూలమూలకూ దొరుకుతాయి, కాబట్టి ఆహారాన్ని బడికే తేవాలి. ‘ఆహార ఎడారి’ అన్న మాట వీళ్ళకు ఊతపదం. దీనికి గట్టి దెబ్బ 2019లో తగిలింది. హంట్ ఆల్కాట్, సహ ఆర్థికవేత్తలు అమెరికా కుటుంబాల కొనుగోళ్ళను పరిశీలించి, ధనికులకు దొరికే సరుకులే అవే ధరలకు పేదలకూ దొరికేలా చేసినా పోషకాహారంలో అంతరం పదో వంతే తగ్గుతుందని తేల్చారు. అంగడి దగ్గరకు వచ్చినంత మాత్రాన అలవాటు మారదన్నమాట.

ఇదే దెబ్బ రుచి వాదులకు ఆసరా అయింది. లియాన్ బిర్చ్ 1980ల నుంచి చేసిన ప్రయోగాలు వీళ్ళకు పునాది. కొత్త పదార్థాన్ని పిల్లలు మొదట తోసేస్తారు, మళ్ళీ మళ్ళీ రుచి చూపిస్తే, ఎనిమిది పదిసార్లయినా, దారికొస్తారు. తన చేత్తో నీళ్ళు పోసిన బెండకాయ ఆ మొదటి అడ్డంకిని తేలిగ్గా దాటిస్తుందని వీరి నమ్మకం. అమ్మమ్మలకు తెలిసిన సంగతేగా అనిపించవచ్చు. కానీ అమ్మమ్మ పదిసార్లు వండగలదు, పన్నెండు వారాల పథకం వండలేదు.

విమర్శకులంతా ఒకే గూటి పక్షులు కారు. 2010లో ‘ది అట్లాంటిక్’ పత్రికలో కైట్లిన్ ఫ్లానగన్ రాసిన వ్యాసం పెద్ద దుమారం లేపింది. పొలం కూలీగా వలస వచ్చిన తండ్రి కొడుకుని బడికి పంపేది మళ్ళీ పార పట్టడానికా అన్నది ఆమె నిలదీత. చదవడం, లెక్కలు రాని పిల్లల సమయం పాలకూరకు ధారపోయడం అన్యాయం అంటుంది. వామపక్షం నుంచి వచ్చిన విమర్శ ఇంకోలా ఉంటుంది. ప్రభుత్వం చేయాల్సిన పనిని తోట వ్యక్తి సంస్కారంగా మార్చేస్తోందని 2008లో మేరీ బెత్ పుడప్ అన్నది. ఈ ఉద్యమపు భాషా అభిరుచీ తెల్ల మధ్యతరగతివేనని, నల్లజాతి పిల్లలకు నేలతో ఉన్న చరిత్ర వేరని జూలీ గత్‌మన్ ఎత్తిచూపింది.

ఫ్లానగన్ ప్రశ్న మన గడ్డ మీద మరింత పదునెక్కుతుంది. బడి ఊడ్చే పని, నీళ్ళు మోసే పని ఏ పిల్లల మీద పడుతూ వచ్చిందో అందరికీ తెలిసిందే. తోటపని వంతుల జాబితాలో అందరి పేర్లూ వరసగా తిరుగుతున్నాయా, ‘నీకు అలవాటేగా’ అంటూ కొందరి దగ్గరే ఆగుతోందా అన్నది చూడకుండా నయీ తాలీం పేరెత్తడం సరికాదు.

కొలిచి చూస్తే

లండన్‌లో 23 బళ్ళలో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తోడ్పాటుతో జరిగిన అధ్యయనం 2014లో వెలువడింది. లీడ్స్ విశ్వవిద్యాలయ బృందం దీన్ని నడిపింది. తోట ఉన్నంత మాత్రాన పిల్లలు పండ్లూ కూరగాయలూ ఎక్కువ తిన్నారనడానికి చెప్పుకోదగ్గ ఆధారం దొరకలేదు. కానీ తోటపని బడి జీవితంలో బాగా కలిసిపోయిన కొద్ది చోట్ల మాత్రం రోజుకు సుమారు 80 గ్రాముల పెరుగుదల కనిపించింది. ఉదాసీనంగా నడిచిన తోటా, ప్రాణం పెట్టిన తోటా ఒకే గాటన కట్టదగ్గవి కావని దీన్నుంచి చాలామంది తీసుకున్న పాఠం. అయితే ప్రాణం పెట్టే బడి తోట లేకున్నా మంచి బడే కదా అన్న అనుమానం మిగిలే ఉంది.

లాస్ ఏంజిలిస్‌లో ‘ఎల్‌ఏ స్ప్రౌట్స్’ నాలుగు బళ్ళలో, ఎక్కువగా పేద లాటినో పిల్లలతో, బడి అయ్యాక వారానికి గంటన్నర చొప్పున 12 వారాలు నడిచింది. తోటా, వంటా కలిపి నేర్పారు. పిల్లల ఆహారంలో పీచు పెరిగింది, నడుము కొలత తగ్గింది. ఆ ఉత్సాహంతో ఆస్టిన్ చుట్టుపక్కల 16 బళ్ళలో మూడు వేల పైచిలుకు పిల్లలతో ‘టెక్సస్ స్ప్రౌట్స్’ చేపట్టారు. ఏడాది పొడవునా, బడివేళల్లోనే, గంటేసి 18 పాఠాలు. 2021లో వచ్చిన ఫలితంలో కూరగాయల వాడకం రోజుకు సగం వడ్డన మేర పెరిగింది. బరువు మీద, రక్తపోటు మీద ప్రభావం కనిపించలేదు. ఇష్టపడి చేరిన కొద్దిమందిలో మెరిసింది, బడి మొత్తానికి పరిస్తే పలచబడింది.

2017 నాటి ఒక సమీక్ష 14 అధ్యయనాలు పోగేస్తే పదింటిలో పెరుగుదల కనిపించింది. ఆ ముందు ఏడాది వచ్చిన మరో సమీక్ష, అంకెల ఆధారం బలహీనం, పిల్లలూ టీచర్లూ చెప్పే మాటల ఆధారం బలంగా ఉంది అన్నది. రెండూ నిజమే కావచ్చు. చాలా అధ్యయనాలు ‘నిన్న ఏం తిన్నావు?’ అని పిల్లలనే అడిగి రాసుకున్నవి. ఆరు నెలలు తోటపాఠం విన్న పిల్లకు టీచరు ఏ జవాబు వింటే మురిసిపోతుందో తెలియదా?

పేద దేశాల లెక్క ఇంకా ఆసక్తికరం. ప్రపంచ కూరగాయల కేంద్రం (దాని దక్షిణాసియా కార్యాలయం మన పటాన్‌చెరువులో ఇక్రిశాట్ ప్రాంగణంలోనే ఉంది) స్విట్జర్లాండ్ నిధులతో భూటాన్, నేపాల్, బుర్కినా ఫాసో వంటి చోట్ల ‘బడికి కూరగాయలు’ కార్యక్రమం నడిపింది. అన్ని చోట్లా తెలివిడి పెరిగింది. నేపాల్‌లో ఇష్టమూ పెరిగింది, తిండి మాత్రం పెరగలేదు. బుర్కినా ఫాసోలోనూ అంతే. భూటాన్‌లో కొంత మెరుగు. కారణం వెతికితే దొరికిందేమిటంటే, ఇంట్లో వంట పిల్లల చేతిలో లేదు. తర్వాత నేపాల్‌లోనే బడి తోటకు ఇంటి పెరటి తోటను ముడివేసి, తల్లులకూ విత్తనాలూ శిక్షణా ఇచ్చి చూశారు. అప్పుడు పిల్లలు తినే కూరగాయలు పెరిగాయి.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక వరస కనిపిస్తుంది. తోట ఒక్కటే ఉన్నచోట చాలావరకు తెలివిడి పెరిగి తిండి దగ్గర ఆగిపోయింది. తోటకు వంట తోడైనచోట తిండి కొంచెం కదిలింది. ఇల్లు కూడా తోడైనచోట ఇంకాస్త. ఎక్కడా తోట ఒంటిచేత్తో పిల్లల ఆరోగ్యాన్ని మార్చలేదు. పొయ్యికి ఎంత దగ్గరగా ఉంటే తోట అంత పనిచేసింది. అమెరికాలో ఈ దగ్గరతనం కోసం వంట పాఠాలు ప్రత్యేకంగా పెట్టుకోవలసి వచ్చింది. మన సర్కారు బడిలో రోజూ పొయ్యి వెలుగుతూనే ఉంటుంది.

కంచం లెక్క

వంద మంది పిల్లలున్న ప్రాథమిక పాఠశాలను తీసుకుందాం. తలకు 50 గ్రాముల చొప్పున రోజుకు 5 కిలోలు, 200 పనిదినాలకు 1,000 కిలోలు. రైతు చేతిలో టమాటా హెక్టారుకు సుమారు 25 టన్నులు పండుతుంది, అంటే చదరపు మీటరుకు రెండున్నర కిలోలు. ఆ లెక్కన 400 చదరపు మీటర్లు, అంటే పది సెంట్లు కావాలి. పిల్లల చేతిలో దిగుబడి సగమే వస్తుందనుకుంటే ఇరవై సెంట్లు. పట్నం బడికి అది ఆటస్థలం మొత్తం. పైగా టమాటా అంతా ఒకేసారి పండి పడుతుంది, ఆ వారం దసరా సెలవులైతే ఇక చెప్పక్కర్లేదు. బడి అవసరమంతా తోటే తీరుస్తుందన్న హామీ ఇక్కడితో సరి.

అదే ఆకుకూర అయితే లెక్క మారిపోతుంది. వారానికి రెండుసార్లు పప్పులో తలకు 20 గ్రాముల ఆకు వేయాలంటే వారానికి 4 కిలోలు. తోటకూర ఒక కోతలో చదరపు మీటరుకు కిలో దాకా ఇస్తుంది. ఆవగింజ కన్నా చిన్నవైన విత్తనాలను ఇసుకలో కలిపి చల్లితే 25, 30 రోజుల్లో కోతకొస్తుంది. నాలుగేసి చదరపు మీటర్ల మడులు నాలుగు చేసి, వారానికొకటి విత్తుకుంటూ పోతే చక్రం తిరుగుతుంది. కాలిబాటతో కలిపి 20 చదరపు మీటర్లు, అంటే అర సెంటు. దిగుబడి సగమే వచ్చినా సెంటు చాలు. జూన్ 12న బడి తెరిచిన వారమే మొదటి మడి చల్లితే జులై రెండో వారానికి కత్తి పడుతుంది. పొద్దున కోసిన ఆకు పదకొండింటికి ఉడుకుతుంది. ముందురోజు సాయంత్రం సంతలో కొని వాడిపోయిన కట్టలో విటమిన్ సి అప్పటికే చాలావరకు పోయి ఉంటుంది.

గట్టున ఒక మునగ, ఒక కరివేపాకు, ఒక నిమ్మ నాటుకుంటే వాటికి ఏటా విత్తనం అక్కర్లేదు. ‘తాజా కూరగాయలు’ అనే గంపగుత్త మాటను విడదీసి టమాటా ఒకవైపు, ఆకు ఒకవైపు పెట్టి మాట్లాడితే చర్చ సగం తేలిపోతుంది. అమెరికా వాదనల్లో ఈ విభజన అంతగా కనబడదు. అక్కడ బడి క్యాంటీన్‌లో ఆకు వేసిన పప్పు లేదు మరి.

ఆకు ఒంటికి పడుతుందా

ఇక్కడ ఇంకో పాత తగువు తగుల్కుంటుంది. 1970లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో లాలా, వినోదినీ రెడ్డి బలహీనంగా ఉన్న పిల్లలకు ఆకుకూర పెట్టి చూసి, అందులోని బీటా కెరోటిన్ బాగానే ఒంటపడుతుందన్నారు. 1995లో ‘ది లాన్సెట్’లో వచ్చిన ఇండోనేషియా అధ్యయనం దీనికి ఎదురు చెప్పింది. పాలిచ్చే తల్లులు రోజూ ఆకుకూర తిన్నా వాళ్ళ విటమిన్ ఎ మెరుగుపడలేదు. పోషకాహార రంగం రెండుగా చీలింది. ఒక వర్గం మందు చుక్కల వైపు, సి. గోపాలన్ వంటివాళ్ళు తిండి వైపు నిలబడ్డారు.

వంటగదికి పనికొచ్చే అంశాల్లో మాత్రం ఇరువర్గాలకూ పెద్ద పేచీ లేదు. కెరోటిన్ ఒంటపట్టాలంటే కాస్త నూనె కావాలి. ఆకులోని ఇనుము మొండిది, పక్కన నిమ్మరసమో ఉసిరో ఉంటే కొంత కరుగుతుంది. కాబట్టి రక్తహీనతను గోంగూర ఒక్కటే తీర్చేస్తుందనడం అతిశయోక్తి. ఐరన్ మాత్రకూ గుడ్డుకూ అది బదులు కాదు. మెదక్ జిల్లా పల్లెల్లో మహతాబ్ బామ్జీ, డంగోరియా ట్రస్టు చేసిన పనిలో పెరటి తోటకు పెరటి కోళ్ళను జత చేయడం ఊరికే కాదు. బడి తోటకు ఆ జత మధ్యాహ్న భోజనంలోని గుడ్డు రూపంలో ముందే ఉంది.

పట్నం తోటలో ఆకు కన్నా ముందు అడగాల్సింది మట్టి సంగతి. పాత రంగులూ పాత పెట్రోలూ వదిలిన సీసం అమెరికా నగరాల నేలలో పేరుకుంది. అక్కడి పర్యావరణ సంస్థ ఇళ్ళ దగ్గర మట్టికి పెట్టిన హద్దును 2024లో 400 పీపీఎం నుంచి 200కు దించింది. అందుకే అక్కడ చెక్కల మధ్య బయటి మట్టి పోసి ఎత్తు మడులు కడతారు. హైదరాబాద్‌లో మూసీ మురుగునీటితో పెరిగే ఆకుకూరల మీద ఆందోళన ఏళ్ళనాటిది. బడి తోటకు వాడే నీరు ఎక్కడిదన్నది తోట మొదలెట్టేనాడే రాసిపెట్టుకోవాల్సిన సంగతి.

తేలకుండా ఉన్నవి

మొదటి చిక్కు క్యాలెండరుది. అమెరికాలో కాయలు విరగకాసే వేసవిలో బళ్ళు మూసి ఉంటాయి. మన దగ్గర ఏప్రిల్ చివర బడి మూస్తే మే ఎండకు మడి పగుళ్ళిస్తుంది. మునగ తట్టుకుంటుంది, తోటకూర తట్టుకోదు. అక్కడ కొన్ని నగరాల్లో జీతమిచ్చి తోటమాలినో సమన్వయకర్తనో పెట్టుకుంటారు. ఇక్కడ అది ఉత్సాహమున్న ఒక టీచరు భుజాన పడుతుంది, ఆ టీచరుకు బదిలీ వస్తే తోటకూ వస్తుంది. రోజూ వేడన్నం వండే బడిలో తోట వల్ల అదనంగా ఒరిగేదెంత అన్నది రెండో చిక్కు. విదేశీ అధ్యయనాల్లో అత్యధికం దీనికి జవాబు చెప్పలేవు, ఎందుకంటే వాటి నిర్మాణంలో ఆ పొయ్యి లేదు. తోట ఉన్న బడినీ లేని బడినీ పోల్చి, పిల్లలను అడగకుండా కంచాల్లో మిగిలినదాన్ని తూచి చూసే పద్ధతి దీనికి తగినది.

మూడోది ఎవరూ పెద్దగా పట్టించుకోనిది. తోటకూర మడి నుంచి నేరుగా కుండలోకి దూకదు. వేళ్ళు కోసి, పండాకు ఏరి, పురుగు చూసి, మట్టి పోయేదాకా మూడు నీళ్ళు మార్చి కడిగి, తరిగితేగాని పొయ్యి ఎక్కదు. వంద మందికి సరిపడే ఆకు బాగుచేయడమంటే ఇద్దరు ఆడవాళ్ళకు పొద్దుటి పూట గంటకు దగ్గర పని. అదే పప్పులో రెండు సొరకాయలు కోసి పడేస్తే పావుగంట. వంట ఏజెన్సీ మహిళల గౌరవవేతనం ఆకు వండిన రోజూ, వండని రోజూ ఒకటే. తోట పథకం అంచనాల్లో విత్తనాలకు, పారలకు, కంచెకు పద్దులుంటాయి. ఆ గంటకు పద్దు లేదు.